రెండో భాగానికి రకం చెప్పిన లక్ష్మీపతి

మదనపల్లె టమాటా మార్కెట్లో లక్ష్మీపతి ఇరవై మూడేళ్లుగా చేస్తున్న పని ఒక్కటే. బండి దిగిన సరుకు ముందు నిలబడి అది మొదటి రకమో, రెండోదో, మూడోదో చెప్పడం. మండీ వాళ్లు దానికి గ్రేడింగ్ అని పేరు పెట్టి నెల జీతం ఇస్తారు. వాళ్ల నాయన ఇదే మార్కెట్లో క్రేట్లు మోసిన మనిషి. లక్ష్మీపతి కూడా మోశాడు, పంతొమ్మిదో ఏట ఒక క్రేటు జారి కుడిచేతి ఉంగరపు వేలి మీద పడేదాకా. వేలు అతుక్కుంది గానీ ముడుచుకోవడం మానేసింది. ఏ కాయ పట్టుకున్నా మిగతా వేళ్లన్నీ దాన్ని చుట్టుకుంటాయి, అదొక్కటి మాత్రం పెళ్లికి పిలవని చుట్టంలా బయటే నిలబడి ఉంటుంది.

అతని పద్ధతి మార్కెట్టంతా ఎరిగిందే. పైన పేర్చిన వరస వైపు చూడనే చూడడు. ఎవరైనా పై వరసను ముస్తాబు చేస్తారు, అందులో తప్పేమీ లేదంటాడు. గుట్టలోంచి చేతికందిన మూడు క్రేట్లు లాగి, గోతం పట్టా మీద ఒక్కొక్కటే బోర్లిస్తాడు. అడుగున ఉన్నదంతా పైకొస్తుంది. ఒక కాయ తీసి, తొడిమ దగ్గర బొటనవేలు ఆనించి చుట్టూ ఒకసారి తిప్పుతాడు, మిగిలిన కాయల మీద కళ్లు పరిగెత్తిస్తాడు, రకం చెప్పేస్తాడు. సరుకు ఎవరిదని అడగడు. చీటీ మీద రైతు పేరు కనిపిస్తే దాన్ని తిరగేసి పెడతాడు. ఒకసారి నోటి నుంచి వచ్చిన రకాన్ని మార్చడం కూడా లేదు. ఇవాళ మార్చినవాడి మాట రేపెవరు వింటారన్నది అతని వాదం. ఇన్నేళ్లలో ఆ వాదాన్ని గెలిచినవాళ్లు లేరు, ఎందుకంటే రెండోసారి వాదించడానికి లక్ష్మీపతి అక్కడ నిలబడి ఉండడు, పక్క గుట్టకు పోయి ఉంటాడు.

ఇంట్లోవాళ్లకూ ఈ జబ్బు అంటుకుంది. ఫ్రిజ్జు కొనాలన్నా, ఇంటిస్థలం చూడాలన్నా లక్ష్మీపతి వచ్చి రకం చెప్పాల్సిందే. చెల్లెలు మునిలక్ష్మికి పుంగనూరు సంబంధం వచ్చినప్పుడు అందరూ వాళ్లింటి ముందుగదిలో కూర్చుని మిక్చరు తింటుంటే అతను నేరుగా పెరట్లోకి నడిచి, అంట్లు తోమే చోటూ చీపురు పెట్టే మూలా చూసొచ్చి, మొదటి రకం, చేసేయొచ్చు అన్నాడు. ఆ పెళ్లికొడుకే సుబ్బరాయుడు. ఇప్పుడు పుంగనూరు నుంచి కుప్పానికి ఆర్టీసీ బస్సు నడుపుతాడు. ఆ రకం తప్పలేదు గనక సుబ్బరాయుడికి బావ మాటంటే ఇక తిరుగులేదు. సొంతంగా దేనికీ మంచీ చెడ్డా చెప్పిన పాపాన పోలేదు. కూరలో ఉప్పెలా ఉందన్నా పెళ్లాం మొహం చూసి చెప్పే మనిషి.

చిక్కు వచ్చింది ఈ సుబ్బరాయుడి కూతురు జాహ్నవితో.

అంగళ్లులో ఇంజినీరింగు చదివింది. చదువైపోగానే బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీ ఉద్యోగమిస్తూ కాగితం పంపింది. ఆ పిల్ల ఆ కాగితాన్ని పక్కన పెట్టి, బెంగళూరులోనే బొమ్మలు వేసే ఒక స్టూడియోలో ఆరు నెలలకు చేరింది. జపాన్ వాళ్ల కార్టూను సినిమాలకు అక్కడ పని జరుగుతుంది. తెరమీద ఒక చెయ్యి కదలాలంటే, అది ఇక్కడ ఉన్నప్పటి బొమ్మ, అక్కడికి చేరాక ఉండే బొమ్మ, రెండూ జపాన్ వాళ్లే వేసి పంపుతారు. ఇక్కణ్నుంచి అక్కడికి ఆ చెయ్యి ఎలా వెళ్లిందో ఆ మధ్య బొమ్మలన్నీ వీళ్లు వెయ్యాలి. కూతురు బెంగళూరులో ఒంటరిగా ఉండటానికి సుబ్బరాయుడు ఒప్పుకోలేదు. కుప్పంలో, శాంతిపురం పిల్లలు ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉంటూ పొద్దున్నే రైలెక్కి పోయి రాత్రికి వస్తుంది. తండ్రి బస్సు రోజు మార్చి రోజు కుప్పం వస్తుంది గనక కళ్లముందే ఉన్నట్టు లెక్క.

ఆరు నెలలూ అయిపోవచ్చాయి. స్టూడియో వాళ్లు ఉండమన్నారు. సాఫ్ట్‌వేరు కంపెనీ వాళ్లు ఈ నెలాఖరులోగా చేరకపోతే ఇక రానక్కర్లేదన్నారు. ఏది మంచిదో సుబ్బరాయుడికి పాలుపోలేదు. అంతలో జాహ్నవి పనిచేసిన సినిమా తెలుగు గొంతులతో ఫోన్లోకి వస్తోందని తెలిసింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే మదనపల్లెకు ఫోను చేశాడు.

"నువ్వు సూసి రకం చెప్పు బావా. మొదటి రకమైతే ఆడనే ఉండనీ. కాదంటే కాయితం మింద సంతకం పెట్టిస్తా."

జాహ్నవి కూడా ఒప్పుకుంది. ఒప్పుకోవడమే కాదు, లోలోపల సంతోషపడింది. ఎందుకంటే ఆ సినిమా ఇంకేదో కాదు, 'నాలుగు గుండీలు' రెండో భాగం. మొదటి భాగానికి మామ ఇచ్చిన రకం ఆ పిల్లకు బాగా గుర్తు.

పదేళ్ల వయసులో జాహ్నవి చదువు కోసం మామ ఇంట్లో ఉండేది. అమ్మవారు పోసి పది రోజులు వేపాకుల మీద పడుకోబెట్టినప్పుడు టీవీలో ఆ సినిమా వచ్చింది. పక్కన విసనకర్ర పట్టుకుని కూర్చున్న పాపానికి లక్ష్మీపతి దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. కొండ కింద ఒక ఊరు. బడికి పోయే నలుగురు అమ్మాయిలకు నాలుగు గుండీలు దొరుకుతాయి. గుండీ నొక్కితే బట్టలు మారిపోతాయి, చేతుల్లోకి బలమొస్తుంది. ఊళ్లోని చప్పుళ్లన్నీ మింగేసే ఒక పొగమంచుతో వాళ్లు కొట్లాడతారు. చివరికి నలుగురిలో చిన్నది, సచి అనే పిల్ల, ఆ మంచును ఆపడానికి తన గుండీనీ దాంతోపాటు తన గొంతునూ ఇచ్చేస్తుంది. ఊరికి చప్పుళ్లు తిరిగొస్తాయి. సచి ఇంటికి పోయి అవ్వ పక్కన కూర్చుని అన్నం తింటుంది. అవ్వ ఇంకొంచెం వెయ్యనా అని అడిగితే తల ఊపుతుంది. అంతటితో సినిమా అయిపోతుంది.

జాహ్నవి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పాప ఇష్టపడి ఇచ్చింది, ఇష్టపడి ఇచ్చినదానికి ఏడవకూడదని మామ చెప్పాడు. తర్వాత కాసేపు విసిరి, మొదటి రకం అన్నాడు. ఆ మాట అతను అనగా మరే సినిమాకూ ఎవరూ వినలేదు.

అందుకే శుక్రవారం రెండో భాగం రాగానే జాహ్నవి మామకు ఫోను చేసి, తను వేసింది ఎక్కడొస్తుందో చెప్పబోయింది. లక్ష్మీపతి వద్దన్నాడు. సరుకు ఎవరిదో తెలిస్తే కన్ను చెడుతుంది, చీటీ తిరగేసి పెట్టమన్నాడు.

ఆ సాయంత్రం మండీ అరుగు మీద కూర్చుని ఫోను తెరిచాడు. సినిమా రెండు గంటలు. ఇరవై మూడేళ్ల అలవాటు కదా, చెయ్యి ఊరుకోలేదు. మొదలు అంటే పై వరస, చూడనక్కర్లేదు. వేలితో జరిపి మూడు చోట్ల బోర్లించాడు. గంట దగ్గర ఒకటి. అక్కడ మిగిలిన ముగ్గురు అమ్మాయిలు కొత్త బట్టల్లో ధగధగలాడుతూ, సచి గొంతును వెనక్కి తెస్తామని శపథం చేస్తున్నారు. గంటన్నర దగ్గర ఇంకొకటి. కొండంత పొగమంచు రాక్షసి, దాని మీదికి ముగ్గురూ ఎగరడం, పిడుగులు. ఆఖరున ఒకటి. సచికి గొంతు తిరిగొచ్చింది, గుండీ వచ్చింది, రెక్కలు కూడా వచ్చాయి.

లక్ష్మీపతికి ఒళ్లు మండింది. ఇష్టపడి ఇచ్చినదాన్ని ఇంకొకరు పోయి లాక్కురావడం ఏమిటి? అమ్మిన సరుకును మళ్లీ కాటా ఎక్కించినట్టు ఉంది. మొదటి భాగంలో ఆ పిల్ల అన్నం తిన్న తీరుకు ఇక అర్థమే లేకుండా చేశారు. పావుగంటలో తేల్చేసి పుంగనూరుకు ఫోను కొట్టాడు.

"రెండో రకం బావా."

అవతల సుబ్బరాయుడు సరే అన్నాడు. కారణం అడగలేదు, ఎప్పుడూ అడగడు. ఆదివారం తన బస్సు కుప్పం పోతుందనీ, కాగితం తీసుకుపోయి సంతకం పెట్టించేస్తాననీ, నచ్చజెప్పడానికి బావ కూడా తోడొస్తే బాగుంటుందనీ అన్నాడు. లక్ష్మీపతి వస్తానన్నాడు.

శనివారం మధ్యాహ్నం వేలం ముగిసి ఇంటికి రాగానే జాహ్నవి ఫోను చేసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. మొదటి భాగాన్ని ఎలా చూశావని అడిగింది. నీ పక్కన కూర్చుని, మొత్తం చూశానన్నాడు. మరి దీన్ని అని అడిగింది. అతను నీళ్లు నమిలి, మూడు చోట్ల చూశానన్నాడు.

"ఒగతూరి మొదుట్నించి సూడు మామా. రకం మార్చమని అడగడంల్యా. ఊరికే సూడు."

అది అడగడంలో గడుసుతనమేమీ లేదు, పిల్ల నిజంగా అంతే అడిగింది. అన్నం తిన్నాక లక్ష్మీపతి గోడకానుకుని ఫోను పట్టుకున్నాడు. పక్కన భార్య రెడ్డెమ్మ అనపకాయలు వొలుస్తోంది.

మొదట్లో పొగమంచూ లేదు, పిడుగులూ లేవు. మాట పోయిన సచి పెద్దదైంది. ఊరి చివర పండ్లు ఏరే ఒక షెడ్డులో పనికి పోతోంది. వాళ్ల దేశపు పండేదో గానీ చూడ్డానికి అచ్చం మన టమాటానే. షెడ్డులో ఆడవాళ్లంతా కబుర్లాడుతుంటారు, ఈ పిల్ల మౌనంగా పండ్లు ఏరుతుంది. సినిమా తీసినవాళ్లకు ఇక్కడ తొందర లేదు. లక్ష్మీపతి వెన్ను నిటారుగా చేసి కూర్చున్నాడు. ముప్పై నాలుగో నిమిషంలో సచి చెయ్యి ఒక్కటే తెరమీద నిండింది. తట్టలోంచి ఒక పండు తీసుకుంది. చివరికి దాన్ని పెట్టెలో పెట్టింది. ఈ రెంటి మధ్యా ఏడు సెకన్లు. ఆ ఏడు సెకన్లలో బొటనవేలు తొడిమ దగ్గర ఆనింది, పండు చుట్టూ ఒకసారి తిరిగింది, వేళ్లు దాన్ని చుట్టుకున్నాయి. ఉంగరపు వేలు మాత్రం ముడుచుకోలేదు.

లక్ష్మీపతి వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. మళ్లీ జరిపాడు. తన కుడిచెయ్యి ఒకసారి చూసుకున్నాడు. ఫోను ఆడనే ఇరుక్కునిందా ఏమని రెడ్డెమ్మ అడిగింది. లేదన్నాడు. ఎనిమిదోసారి చూశాక మిగతా సినిమా చూడటానికి చాలాసేపు పట్టింది, కళ్లు మసకబారుతుంటే తుడుచుకోవాల్సి వచ్చింది గనక.

మిగతా సినిమా మాత్రం నిన్న చూసినట్టే ఉంది. పూర్తిగా చూస్తే ఇంకాస్త అధ్వాన్నంగా కూడా ఉంది. షెడ్డులో అంత నిదానంగా, అంత ముద్దుగా పెంచిన పిల్లను ఆ తర్వాతి గంటన్నర రెక్కలు తగిలించి పాడుచేసింది. రెండో రకమని అతను అన్న మాటలో తేడా లేదు. తేడా ఎక్కడుందంటే, సుబ్బరాయుడు అడిగింది సినిమా గురించి కాదు. అడిగింది కూతురి పని గురించి. గుట్ట మొత్తానికి రకం చెప్పి, ఒక కాయ గురించి చెప్పాననిపించుకున్నాడు. పైగా ఆ కాయ ఉన్న క్రేటును బోర్లించనే లేదు. మూడు చోట్ల చూసేవాడికి మధ్యలో ఉన్నది కనబడదు. ఆ పిల్ల చేసే పనే మధ్యలోది.

ఇప్పుడు పుంగనూరుకు ఫోను చేసి మొదటి రకమని చెప్తే సరిపోతుంది. చెయ్యి ఫోను దాకా పోయింది కూడా. కానీ చీటీ తిరగబడి పేరు కనబడిపోయింది. తన వేలును చూసి కళ్లు తుడుచుకున్న మనిషి చెప్పే రకానికి ఏం విలువ? అలాంటి గ్రేడింగు ఇంకొకరు చేస్తే తనే మండీ మెట్లు ఎక్కనివ్వడు. మాట మార్చడం కన్నా అది ఎక్కువ తప్పుగా తోచింది. ఏం చెయ్యాలో తెలియక ఆ పూట రెడ్డెమ్మ వొలిచిన అనపగింజల్లో చెత్త ఏరుతూ కూర్చున్నాడు.

ఆదివారం పుంగనూరులో సుబ్బరాయుడి బస్సెక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు. కాగితం ప్లాస్టిక్ కవరులో సుబ్బరాయుడి పక్కన ఉంది. నచ్చజెప్పే మాటలేవో బావ దారిలో తయారు చేసుకుంటున్నాడని అతను అనుకున్నాడు. పలమనేరు దాటింది, వీకోట దాటింది.

కుప్పం బస్టాండులో బస్సు అరగంట ఆగుతుంది. జాహ్నవి ముందే వచ్చి టీకొట్టు బెంచీ మీద కూర్చుని ఉంది. చేతిలో పెన్ను కూడా తెచ్చుకుంది. తండ్రి కాగితం తీసి బెంచీ మీద పరిచాడు. ఎక్కడ పెట్టాలో చూపించాడు. జాహ్నవి మామ వైపు ఒకసారి చూసి, పెన్ను మూత తీసింది.

లక్ష్మీపతి కాగితం మీద తన అరచెయ్యి పెట్టాడు.

"బావా, నేను తప్పు చేసినా. సినిమాకు రకం చెప్పినా గానీ ఈ పాప పనికి చెప్పలేదు. ఆ క్రేటు నేను బోర్లించలేదు."

సుబ్బరాయుడు అర్థం కానట్టు చూశాడు. బావ నోటి నుంచి తప్పు అన్న మాట అతను ఇన్నేళ్లలో వినలేదు. అయితే ఇప్పుడు చెప్పమన్నాడు. లక్ష్మీపతి తల అడ్డంగా ఊపాడు. సరుకు ఎవరిదో తనకు తెలిసిపోయిందనీ, ఇక తాను చెప్పకూడదనీ, ఈసారికి నువ్వే చెప్పాలనీ అన్నాడు. ఫోను తీసి, ముప్పై నాలుగో నిమిషం దగ్గర పెట్టి, బావ చేతికిచ్చాడు.

సుబ్బరాయుడికి చెమటలు పట్టాయి. వీకోట మలుపులో ఎదురుగా లారీ వచ్చినా పట్టని చెమటలు. తనకేం తెలుసునని గొణిగాడు. ఒకసారి చూశాడు. ఎవరో పిల్ల టమాటా ఏరుతోంది, అంతే కదా అన్నాడు. లక్ష్మీపతికి టీ వచ్చింది, గ్లాసు అందుకున్నాడు. జాహ్నవి పెన్ను మూత పెట్టడం, తీయడం చేస్తోంది. సుబ్బరాయుడు రెండోసారి చూశాడు. మూడోసారి చూస్తూ చూస్తూ మధ్యలో తల ఎత్తాడు. ఎదురుగా టీ గ్లాసు. దాన్ని చుట్టుకున్న వేళ్లు. చుట్టుకోకుండా బయట నిలబడ్డ ఒక వేలు.

చాలాసేపు ఆ గ్లాసునే చూశాడు. తర్వాత ఫోను చూశాడు. తర్వాత కూతుర్ని చూశాడు.

"ఇది మీ మామ చెయ్యి గదమ్మా," అన్నాడు.

జాహ్నవి తల ఊపింది. ఎట్ల గుర్తు పెట్టుకున్నావని అడిగాడు. పదేళ్లప్పుడు విసనకర్ర పట్టుకున్న చెయ్యి అదే కదా, పది రోజులు దాన్నే చూస్తూ పడుకున్నానంది. జపాన్ వాళ్లు పంపిన బొమ్మల్లో పండు తీసుకున్న చెయ్యి ఉంది, పెట్టిన చెయ్యి ఉంది, మధ్యలో ఎవరి చెయ్యి అన్నది ఎవరూ చెప్పలేదు అంది.

కండక్టరు విజిల్ వేశాడు. సుబ్బరాయుడు లేచి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. నాలుగడుగులు బస్సు వైపు వేసి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాడు. గొంతు సర్దుకున్నాడు. జన్మలో మొదటిసారి కావడంతో ఆ మాట కొంచెం గట్టిగానే వచ్చింది, టీకొట్టు అతను కూడా తిరిగి చూశాడు.

"మొదటి రకం."

ఆ మాట అనేసి, సరిగ్గా చెప్పానా అని బావ మొహం చూడకుండా పోయి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

లక్ష్మీపతి టీ తాగేసి గ్లాసు పెట్టాడు. బస్సు దాకా జాహ్నవి పక్కనే నడిచింది. మెట్టు మీద కాలు పెట్టబోతుంటే చొక్కా పట్టుకుని ఆపింది.

"మామా, మొత్తం సూసినావు గదా. సినిమా ఏ రకం?"

లక్ష్మీపతి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రెండో రకమే."

"నాగ్గూడా అట్లనే అనిపించింది," అని జాహ్నవి చొక్కా వదిలేసింది.